వెనక సీలు సంగతి తర్వాత, ముందు పైన చూడమ్మా

పోయిన ఏడాది జూలై. లంబసింగి దాటి, చింతపల్లి అవతల ఒక గూడెంలో మిరియం మొక్కలు దించుతున్నాం. పొద్దుటి నుంచీ ముసురు. మా పాత మారుతి జిప్సీని ఎప్పటిలాగే ఊటకి కాస్త ఎగువన ఆపాను, అక్కడైతే నేల చదునుగా ఉంటుంది. ట్రేలన్నీ దించి వెనక్కి వచ్చేసరికి బండి కింద నుంచి వాన నీళ్ళు సన్నటి పాయగా ఊట వైపు పోతున్నాయి. ఆ నీళ్ళ మీద నూనె తెట్టు, రంగులు రంగులుగా మెరుస్తూ, మెలికలు తిరుగుతూ కిందికి జారుతోంది. బిందెతో వచ్చిన ఒకావిడ దాన్ని చూసింది. ఏమీ అనలేదు. బిందె తీసుకుని ఊటకి అవతలి పక్కకి వెళ్ళి ముంచుకుంది.

ఆవిడ నన్ను నాలుగు మాటలన్నా ఇంత బాధ ఉండేది కాదు. ఆ ఊటే ఆ గూడేనికి తాగునీరు. నేను అక్కడికి మొక్కలు తెస్తానని నన్ను గౌరవంగా చూస్తారు, కాఫీ ఇస్తారు, కూర్చోబెడతారు. వాళ్ళ నీళ్ళలో నా బండి ఆయిల్ కలవడం నాకు మింగుడుపడలేదు. ఆ రోజు ఘాట్ దిగుతూ ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన.

మాది నర్సీపట్నం. నాన్న పెట్టిన నర్సరీని ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. సిల్వర్ ఓక్, మిరియం, కాఫీ నారు పెంచి మన్యంలోకి తీసుకెళ్ళి ఇస్తాం. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియం పాకించడం అక్కడి తోటల పద్ధతి కాబట్టి వానాకాలం మొదలైతే నాకు తీరిక ఉండదు. ఆ దారుల్లో తిరిగేది నాన్న కొన్న జిప్సీ కింగ్, 1998 మోడల్. 1985 చివర్లో వచ్చిన మొదటి జిప్సీలో 970 సీసీ ఇంజిన్ ఉండేది. 1996లో కింగ్ పేరుతో 1298 సీసీ ఇంజిన్ పెట్టారు. 2000 నుంచి కార్బురేటర్ బదులు పెట్రోలుని చిమ్మే ఎంపీఎఫ్ఐ పద్ధతి వచ్చింది. నాది ఆ మధ్యలోది. కార్బురేటర్, ఎనిమిది వాల్వులు, స్పార్క్ పంచడానికి డిస్ట్రిబ్యూటర్. పాత మేస్త్రీలు ఈ డిస్ట్రిబ్యూటర్‌నే డెల్కో అంటారు. బ్లాకు (సిలిండర్లు ఉండే ఇంజిన్ ఒళ్ళు), హెడ్డు (దాని పైన కూర్చునే భాగం) రెండూ అల్యూమినియం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, బోల్టులు బిగించే దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

నిజానికి లీకు ఆ రోజు కొత్తగా మొదలైంది కాదు. అంతకు ముందు వేసవిలోనే ఇంటి ముందు గచ్చు మీద అరచేతంత మరక పడుతుంటే వైజాగ్‌లో ఒక షెడ్డుకి తీసుకెళ్ళాను. వాళ్ళు కింద పడుకుని చూసి, ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే చోట చుక్క వేలాడుతోంది కాబట్టి క్రాంకు వెనక సీలు పోయిందన్నారు. నాకూ సబబుగానే తోచింది. క్రాంక్ షాఫ్ట్ వెనక కొస చుట్టూ ఉండే రబ్బరు సీలు అది, దాని వెనక ఫ్లైవీలు, క్లచ్, ఆపైన గేర్‌బాక్స్. సీలు దాకా వెళ్ళాలంటే ఇవన్నీ విప్పాల్సిందే. జిప్సీలో ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకి అతుక్కుని ఉండదు, విడిగా వెనక ఉంటుంది, మధ్యలో ఒక పొట్టి షాఫ్టు. దాన్ని విప్పితే గేర్‌బాక్స్ ఒక్కటే దిగుతుంది. అయినా మూడు రోజుల పని. కొత్త సీలు, ఎలాగూ విప్పారు కాబట్టి క్లచ్ ప్లేటు, కూలీ అన్నీ కలిపి 11,800 రూపాయలు అయ్యింది.

బండి తెచ్చుకున్న వారానికి రెండుసార్లు ఘాట్ ఎక్కి దిగాను. మూడో రోజు పొద్దున గచ్చు మీద మళ్ళీ మరక. మళ్ళీ అదే చోట.

షెడ్డు వాళ్ళని అడిగితే కొత్త సీలు కుదురుకోవడానికి కొంత టైం పడుతుందన్నారు. సీజన్ నెత్తి మీదకి వచ్చేసింది, నేనూ ఊరుకున్నాను. వారానికోసారి డిప్‌స్టిక్ చూసి, తగ్గినంత పోసుకుంటూ తిరిగాను. నెలకి అర లీటరు పైనే పట్టేది. ఆ ఊట దగ్గర రోజు దాకా అలాగే నడిచింది.

మర్నాడు బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. సొంత బాబాయ్ కాదు, నాన్నకి స్నేహితుడు. నలభై ఏళ్ళుగా జీపులు, జిప్సీలు బాగుచేస్తున్న మనిషి. చూపు తగ్గిందని షెడ్డు మూసేశాడు గానీ ఇంటి వెనక రేకుల పంచలో సామాన్లన్నీ అలాగే ఉన్నాయి. నేను చెప్పిందంతా విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న:

"పాత సీలు తెచ్చుకున్నావా అమ్మా?"

తెచ్చుకున్నాను. విప్పిన సామాన్లు అడిగి తీసుకోవడం నాన్న నేర్పిన అలవాటు, డాష్‌బోర్డు అరలో కవర్లో చుట్టి పెట్టాను. బాబాయ్ దాన్ని గుడ్డతో తుడిచి, లోపలి పెదవిని బొటనవేలి గోరుతో నొక్కాడు. అది లోపలికి వంగి మళ్ళీ యథాస్థానానికి వచ్చింది. చుట్టూతా అలా నొక్కుకుంటూ వచ్చాడు. ఎక్కడా పగులు లేదు, బిరుసెక్కలేదు.

"ఇది పోయిన సీలు కాదమ్మా. ఇంకో రెండేళ్ళు పనిచేసేది" అన్నాడు.

ఆ తర్వాత జరిగిందంతా వివరంగా రాస్తున్నాను. నాలాగా పాత బండితో కొండల్లో తిరిగే వాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. ఆయిల్ ఎక్కడ చుక్క పడితే అక్కడే లీకు అనుకుని గేర్‌బాక్స్ దింపించుకునే ముందు ఇది చదవాలని నా కోరిక.

ముందు వాసన. బాబాయ్ బండి కింద మూడు చోట్ల వేలితో తడి తీసి నాకు వాసన చూపించాడు. ఇంజిన్ ఆయిల్ పాతదైతే నల్లగా, కొంచెం మాడు వాసన వేస్తుంది. గేర్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, గంధకం వాసన ముక్కుకి కొడుతుంది, ఒకసారి చూస్తే మరిచిపోరు. గేర్‌బాక్స్ ముందు సీలు పోయినా చుక్క సరిగ్గా అదే చోట, క్లచ్‌ని మూసి ఉంచే బెల్ హౌసింగ్ అనే డొప్ప కింద నుంచే పడుతుంది కాబట్టి ముందు ఈ రెండూ వేరుచేయాలి. మాది ఇంజిన్ ఆయిలే. తర్వాత బెల్ హౌసింగ్ కింద ఉండే రేకు విప్పి టార్చి వేసి లోపల చూశాం. ఫ్లైవీలు వెనక అంతా పొడిగా, క్లచ్ దుమ్ము తప్ప ఏమీ లేకుండా ఉంది. అంటే వైజాగ్‌లో వేసిన సీలు బాగానే ఉంది, అది పట్టుకునే ఉంది. బయట మాత్రం హౌసింగ్ నెత్తి మీద నుంచి రెండు పక్కలా తడి చారలు కిందికి దిగి, అడుగున కలిసి, చుక్కై వేలాడుతున్నాయి.

"చుక్క ఎక్కడుందో చూస్తే లాభం లేదు. తడి ఎక్కడ మొదలైందో చూడాలి. ఎక్కడిదాకా ఎక్కుతుందో అక్కడిదాకా పైకి పోవాలి" అన్నాడు.

కానీ పాతికేళ్ళ ఇంజిన్ మీద అంతా తడే. ఆయిల్, దాని మీద మన్యం ఎర్రమట్టి, దాని మీద మళ్ళీ ఆయిల్. గోకితే పెచ్చులుగా ఊడుతోంది. అందుకని కడగడంతో మొదలుపెట్టాం. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ వైరు తీసేసి, కార్బురేటర్ మూతికి, డిస్ట్రిబ్యూటర్‌కి, ఆల్టర్నేటర్‌కి ప్లాస్టిక్ కవర్లు కట్టాం. కింద పెద్ద రేకు తొట్టి, దాని చుట్టూ రంపపు పొట్టు. కిరసనాయిలు, పెయింటు బ్రష్షు, ఇరుకుల్లోకి పాత టూత్ బ్రష్షు. మట్టి అంతా వదిలాక సబ్బు నీళ్ళతో ఒకసారి తుడిచి, గాలి కొట్టి ఆరబెట్టాం. ఒక్క పూట పట్టింది. తొట్టిలో దిగిన మడ్డినీ, తడిసిన పొట్టునీ డబ్బాకెత్తి, పాత ఆయిల్ కొనుక్కునే వాళ్ళకి ఇచ్చాను. ఒక చోట నీళ్ళు పాడవకుండా ఉండాలని ఇంకో చోట కాలవలో పోస్తే చేసిన పనికి అర్థం లేదు.

అప్పుడు బాబాయ్ ఇంట్లోంచి టాల్కం పౌడర్ డబ్బా తెచ్చాడు. ఆరిన ఇంజిన్ మీద, హెడ్డు వెనక, హెడ్డు పైమూత అయిన టాపెట్ కవర్ అంచు పొడవునా, బ్లాకు పక్కలకి, బెల్ హౌసింగ్ నెత్తికి పలచగా చల్లాడు. బెల్టు, ఫ్యాను ఉన్న ముందు వైపు మాత్రం చల్లలేదు, అక్కడ గాలికి ఎగిరిపోతుంది. తెల్లటి పౌడర్ మీద ఆయిల్ తగిలితే బూడిద రంగు గీత పడుతుంది, ఆ గీత వెంట పైకి వెళ్ళడమే.

ఇంజిన్ ఆన్ చేసి అరగంట ఉంచాం. ఏమీ రాలేదు. నాకు టెన్షన్ మొదలైంది. బాబాయ్ మాత్రం "ఇక్కడ రాదు, లంబసింగి ఎక్కించి తీసుకురా" అన్నాడు.

ఎందుకో ఆయన చెప్పాక గానీ నాకు తట్టలేదు. జిప్సీలో ఇంజిన్ బండి పొడవు వెంబడి కూర్చుంటుంది, వెనక కొస డ్రైవర్ వైపుకి. ఘాట్ ఎక్కేటప్పుడు బండి మూతి పైకి లేస్తే ఇంజిన్ మొత్తం వెనక్కి వాలుతుంది. హెడ్డు మీద, వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ చుట్టూ చిమ్మిన ఆయిల్ అంతా వెనక మూలకి చేరి, తిరిగి చాంబర్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి దిగేదాకా అక్కడ నిలుస్తుంది. చదును నేల మీద ఆ మూల దాదాపు ఖాళీ. తుని రోడ్డులో రోజంతా తిరిగినా మరక పడకపోవడం, ఘాట్ ఎక్కి వచ్చిన రాత్రే పడటం నేను చూస్తూనే ఉన్నాను, కానీ ఆ రెండూ కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు. షెడ్డులో చదును గచ్చు మీద నిలబెట్టి పరీక్ష చేసిన వాళ్ళకి కూడా అందుకే పైన ఏమీ కనపడలేదు.

లంబసింగి దాకా ఎక్కి, పైన పొగమంచులో పావుగంట ఆగి, బానెట్ ఎత్తకుండానే కిందికి దిగి వచ్చాను. బాబాయ్ పంటి డాక్టర్ల దగ్గర ఉండేలాంటి చిన్న అద్దం ఒక కర్రకి కట్టి ఉంచుకున్నాడు. బానెట్ ఎత్తి, హెడ్డుకీ కేబిన్ గోడకీ మధ్య ఉన్న ఇరుకులోకి దాన్ని దించి, టార్చి వేశాం. బెల్ హౌసింగ్ నెత్తి మీద పౌడర్ తడిసి ముద్దయింది. అక్కడి నుంచి గీత బ్లాకు వెనక నుంచి నిలువుగా పైకి, హెడ్డు దాకా, అక్కడ ఆగకుండా ఇంకా పైకి, డిస్ట్రిబ్యూటర్ కూర్చునే గేర్ కేసు దాకా ఎక్కింది. కేసు మూతి చుట్టూ, డిస్ట్రిబ్యూటర్ కాండం లోపలికి దిగే చోట, తడి ఉంగరంలా మెరుస్తోంది. దానిపైన పౌడర్ పొడిగా తెల్లగా ఉంది.

బాబాయ్‌కి అద్దంలో సరిగా కనపడక నన్నే చూసి చెప్పమన్నాడు. చెప్పాను. "అదీ" అన్నాడు, అంతే.

ఈ ఇంజిన్‌లో డిస్ట్రిబ్యూటర్ హెడ్డు వెనక కొసన ఉంటుంది, క్యామ్ షాఫ్ట్ చివరన ఉన్న గేరు దాన్ని తిప్పుతుంది. ఆ గేర్లు ఆయిల్‌లోనే తిరుగుతాయి. ఆయిల్ బయటికి రాకుండా డిస్ట్రిబ్యూటర్ కాండానికి ఒక ఓ-రింగు ఉంటుంది, మన చేతి గాజు కంటే సన్నం, అంతకంటే చాలా చిన్నది. హెడ్డుకీ గేర్ కేసుకీ మధ్య కూడా ఆయిల్ ఆగేలా సీలింగ్ ఉంటుంది. ఇక్కడ ఏది వదిలేసినా ఆయిల్ తిన్నగా బ్లాకు వెనక నుంచి జారి బెల్ హౌసింగ్ మీద పడి కిందికి చేరుతుంది. కింద పడుకుని చూసేవాళ్ళకి అది అచ్చం వెనక సీలు లీకులాగే ఉంటుంది.

విప్పడం మర్నాడు. ఇక్కడ తొందరపడితే బండి స్టార్ట్ కాదు, కాబట్టి మేం చేసిన వరస చెబుతాను. ముందు ఒకటో సిలిండర్ పిస్టన్ పైకి వచ్చి స్పార్క్ పడే చోటికి ఇంజిన్‌ను చేత్తో తిప్పి తెచ్చాం. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ వైర్లతో సహా తీసి పక్కన పెట్టాం. వైర్లు పీకితే మళ్ళీ 1-3-4-2 వరసలో పెట్టుకోవాలి, పీకకపోతే ఆ గొడవే లేదు. క్యాప్ కింద తిరుగుతూ స్పార్క్ పంచే రోటర్ ఎటు చూస్తోందో ఫోన్లో ఫొటో తీసి, కేసు అంచు మీద మార్కర్‌తో గీత పెట్టాను. డిస్ట్రిబ్యూటర్ బాడీకీ కేసుకీ కలిపి స్క్రైబర్‌తో ఇంకో గీత గీశాడు బాబాయ్, టైమింగ్, అంటే స్పార్క్ పడే వేళ, దాని మీదే ఆధారపడి ఉంటుంది. అప్పుడు బోల్టు విప్పి పైకి లాగాం. గేరు పళ్ళు స్క్రూలా వాలుగా ఉంటాయి కాబట్టి లాగేటప్పుడు రోటర్ కొంచెం పక్కకి తిరుగుతుంది. ఎంత తిరిగిందో ఆ చోట రెండో గీత పెట్టించాడు. తిరిగి పెట్టేటప్పుడు రెండో గీత దగ్గర మొదలుపెడితే లోపలికి దిగుతూ మొదటి గీతకి వచ్చి ఆగుతుంది.

ఓ-రింగు చూస్తే రింగులా లేదు. గుండ్రంగా ఉండాల్సిన రబ్బరు, గాడిలో నొక్కుకుపోయి పలకగా, నల్లటి ప్లాస్టిక్ ముక్కలా అయిపోయింది. గోరుతో ఎత్తబోతే రెండు ముక్కలైంది. ఒక ముక్కని వేళ్ళ మధ్య వంచితే టప్పున విరిగింది. పాతికేళ్ళ వేడికి రబ్బరులో ఉండే మెత్తదనమంతా పోయింది. నిన్న నొక్కి చూసిన పాత వెనక సీలుని దీని పక్కన పెట్టాను. ఒకటి వంగుతోంది, ఒకటి విరుగుతోంది. 11,800 రూపాయల పనికీ, దీనికీ మధ్య తేడా ఆ పంచలో బల్ల మీద పక్కపక్కనే ఉంది.

గేర్ కేసు కూడా విప్పాం, ఎందుకంటే హెడ్డుతో కలిసే అంచు దగ్గర పాత సిలికాన్ పేస్టు బయటికి పొంగి ఉంది. ఎవరో ఎప్పుడో విప్పకుండానే పైపైన పేస్టు పూసి లీకు ఆపబోయారు. తడి మీద పూసిన పేస్టు పట్టదు. లోపలి వైపు కూడా పేస్టు తోకలు వేలాడుతున్నాయి, అవి నన్ను భయపెట్టాయి. అవి తెగి చాంబర్‌లో పడితే ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడతాయి. అందుకే పేస్టు వాడాల్సిన చోట పలచగా, ఒక పొరలాగా మాత్రమే పూయాలని బాబాయ్ గట్టిగా చెబుతాడు. ఇది ఎక్కువగా పూసి బాగా బిగించామని సంతోషపడే మేస్త్రీలు చాలామంది ఉన్నారు.

అంచులు అల్యూమినియం కాబట్టి ఇనప బ్లేడుతో గీకలేదు. గీతలు పడితే ఆ గీతల్లోంచే మళ్ళీ ఆయిల్ వస్తుంది. వెదురు బద్దని ఉలిలా చెక్కి దాంతో గీకి, పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిచాం. ఆ వెదురు బద్ద ఇప్పటికీ నా టూల్ బాక్సులో ఉంది, అంతకంటే పనికొచ్చే సామాను దాంట్లో ఇంకోటి లేదు. కొత్త ఓ-రింగుకి వేలితో ఇంజిన్ ఆయిల్ రాసి గాడిలో కూర్చోబెట్టాను. పొడిగా తోస్తే ఓ-రింగు మెలిపడి తెగుతుంది. బోల్టులు బాబాయ్ నా చేతే బిగింపించాడు, స్పానర్‌ని కొసన పట్టుకోనివ్వకుండా మధ్యలో పట్టించి. అల్యూమినియంలో మర సులువుగా పోతుంది, పోతే లీకు కంటే పెద్ద పని పడుతుంది. మూసే ముందు గేర్ కేసులో కాస్త కొత్త ఆయిల్ పోశాం, మొదటి తిప్పుడుకి గేర్లు పొడిగా ఉండకుండా. ఆపైన టైమింగ్ లైట్ పెట్టి చూస్తే మా గీత దగ్గరే ఉంది.

ఓ-రింగు, గేర్ కేసు ప్యాకింగు కలిపి 140 రూపాయలు.

బండి ఎలాగూ విప్పి ఉంది కాబట్టి మిగతావి కూడా చూశాం. అన్నిటికంటే ముఖ్యమైనది బ్రీదర్, ఇంజిన్ లోపలి గాలి పోయే దారి. ఓ-రింగు అరిగిందని ఎంత చెప్పుకున్నా, దాన్ని వెనక నుంచి తోసేది ఇంజిన్ లోపలి ఒత్తిడి. పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత గాలి ఎప్పుడూ చాంబర్‌లోకి దిగుతూనే ఉంటుంది. అది పీసీవీ అనే చిన్న వాల్వు ద్వారా మళ్ళీ మానిఫోల్డులోకి, అంటే సిలిండర్లకి గాలి వెళ్ళే గొట్టంలోకి పోవాలి. ఆ దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ రబ్బరు బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ని బయటికి నెడుతుంది. మా బండి గొట్టం తీస్తే లోపల గోధుమ రంగు వెన్నలాంటి మడ్డి. కొండ మీద చలి, పొగమంచు, నర్సరీ నుంచి ఊళ్ళోకి, ఊళ్ళోంచి నర్సరీకి చిన్న చిన్న తిరుగుళ్ళు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకపోతే లోపలి తేమ ఆవిరై పోదు, ఆయిల్‌తో కలిసి అలా పేరుకుంటుంది. వాల్వుని చెవి దగ్గర పెట్టి ఊపితే టిక్ టిక్ మనాలి. మాది మూగగా ఉంది. కొత్తది వేసి, గొట్టాలు కడిగి ఆరబెట్టి పెట్టాం. ఇది చేయకుండా సీళ్ళు ఎన్ని మార్చినా మళ్ళీ కొత్త చోట లీకు మొదలయ్యేది, ఈ విషయంలో నాకు అనుమానం లేదు.

టాపెట్ కవర్ ప్యాకింగు కూడా బిరుసెక్కింది, మార్చాం. దాని బోల్టులు బిగించేటప్పుడు చాలామంది లీకు ఆగుతుందని ఇంకో సగం చుట్టు తిప్పుతారు. దాంతో కవరు అంచు వంగి, బోల్టుకీ బోల్టుకీ మధ్య లేచి, లీకు ఎక్కువవుతుంది. ఆయిల్ ఫిల్టర్ పక్కనున్న ప్రెషర్ స్విచ్ వైరు తొడుగు తీస్తే లోపల ఆయిల్ ఉంది, స్విచ్ గుండానే ఊరుతోందన్నమాట, అదీ మార్చాం. డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ వేశాం. ముందు వైపు క్యామ్ సీలు, క్రాంకు సీలు పొడిగా ఉన్నాయి, టైమింగ్ బెల్టు మార్చేటప్పుడు చూద్దామని వదిలేశాం.

చాంబర్ ప్యాకింగు మార్చమని ముందే ఇద్దరు ముగ్గురు చెప్పారు. కడిగి చూశాక తెలిసింది, చాంబర్ అంచు మీదున్న ఆయిలంతా పైనుంచి జారిందే, దాని సొంతం ఒక్క చుక్కా లేదు. బాగున్నదాన్ని విప్పలేదు.

చిక్కటి ఆయిల్ పొయ్యమనీ, లీకు ఆపే మందు సీసా కలపమనీ కూడా సలహాలొచ్చాయి. ఆ మందులు రబ్బరుని కొంచెం ఉబ్బించి మెత్తబరుస్తాయి, ఊరుతున్న సీలుకి కొన్నాళ్ళు పనికి రావచ్చు. గాజు పెంకులా విరిగే ఓ-రింగుని ఏ మందూ మళ్ళీ రబ్బరు చేయలేదు. నేను ఎప్పుడూ పోసే 20డబ్ల్యూ40 ఆయిలే పోశాను. కొత్తగా కొన్న 4 లీటర్ల డబ్బాలోంచి ఒకేసారి వంచెయ్యకుండా, చదును నేల మీద, ఇంజిన్ ఆపిన పది నిమిషాలకి డిప్‌స్టిక్ చూసుకుంటూ. ఘాట్ ఎక్కే బండికి ఆయిల్ తక్కువుంటే ప్రమాదం. బండి వాలినప్పుడు ఆయిల్ ఒక పక్కకి పోయి పంపు గాలి పీలుస్తుంది, మలుపులో ఆయిల్ లైటు మిణుక్కుమంటుంది. ఆ లైటు ఒకసారి మిణుక్కుమన్నాక కూడా పైదాకా ఎక్కేద్దామని అనుకోకండి.

ఆ పని అయిన రాత్రి ఘాట్ ఎక్కి వచ్చి, బండి కింద అట్టముక్క పరిచి పడుకున్నాను. తెల్లారి లేచి ముందు అట్ట చూశాను. ఏమీ లేదు. వారం తర్వాత అట్ట మీద ఒకే ఒక చుక్క కనపడింది, గుండె ఝల్లుమంది. తీరా చూస్తే అది ఇంజిన్ దగ్గరిది కాదు, ఇంకా వెనక, ట్రాన్స్‌ఫర్ కేసు కింద. వేలికి అంటించుకుని వాసన చూస్తే గంధకం.

బాబాయ్‌కి ఫోన్ చేస్తే నవ్వాడు. "మంచిదేనమ్మా, ఇప్పుడు వాసన పట్టడం వచ్చింది కదా. వానలు తగ్గనీ, అదీ విప్పుదాం" అన్నాడు.

ఆగస్టులో మళ్ళీ ఆ గూడేనికి వెళ్ళాను. ఊటకి ఎగువన కాకుండా, బాగా దిగువన ఆపాను. మొక్కలు కొంచెం దూరం మోయాల్సి వచ్చింది. దించేటప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు కింద అట్ట పెట్టాను, వచ్చేటప్పుడు తీసుకొచ్చేశాను. చుక్కలు రెండు. అవుట్‌పుట్ షాఫ్టు సీలు తెప్పించి పెట్టుకున్నాను, దసరా తర్వాత విప్పుదామని.